ఇప్పచెట్టు కింద తాగని సాయిబు

దావత్ అనేది మన మాట. అరబీలో దానికి అసలు అర్థం పిలుపు. దీన్ వైపు పిలిచినా దావతే, దస్తర్‌ఖాన్ మీదికి పిలిచినా దావతే. ఇప్పుడు ఖమ్మం బస్టాండు నుంచి భద్రాచలం కరకట్ట దాకా ఎవరినైనా అడిగి చూడండి. "సాయంత్రం దావత్ ఉంది" అంటే సీసా తెరుస్తారని అర్థం. పిల్లవాడు పుట్టినా దావత్, బోరులో నీళ్లు పడ్డా దావత్, ట్రాన్స్‌ఫర్ అయినా దావత్, మనిషి పోయిన పదో రోజునా దావత్. మనం ఇచ్చిన మాటే మనల్ని గడప బయట నిలబెట్టింది.

ఈ అడవి అంచున బతికే ముసల్మానుకు ఈ గడప బాగా తెలుసు. "కొంచెం కూడా తీసుకోవా భాయ్?" అని ఒకరు అడుగుతారు. "సాయిబు తాగడులే, ఆయనకు థమ్సప్ పొయ్యి" అని ఇంకొకరు సర్దుతారు. ఆ మాటలో ఇజ్జత్ ఉంది, కాదనను. దానితోపాటు కొంచెం దూరం కూడా ఉంది. మనం థమ్సప్ తాగి లేచిపోయాకే అసలు ముచ్చట మొదలవుతుంది. పాత కొట్లాటలు తెగేది అప్పుడే, కొత్త దోస్తీలు కుదిరేది అప్పుడే, కాంట్రాక్టు ఎవరికి అనేది తేలేదీ అప్పుడే. తెల్లారి ఆఫీసుకో, డిపోకో వెళ్తే అందరూ ఏదో తలుచుకుని నవ్వుకుంటుంటారు. ఎందుకు నవ్వుతున్నారో మనకు తెలియదు.

ఈమధ్య కొందరు తమ్ముళ్లు నన్ను ఇదే అడుగుతున్నారు. "భాయ్, హరామ్ అని తెలుసు. తాగాలని కూడా లేదు. కానీ కూర్చోకపోతే ఒంటరినవుతున్నా. ఏం చెయ్యాలి?" మస్‌అలా చెప్పడానికి ఉలమా ఉన్నారు. నాకు తెలిసింది తారీఖ్. ఈ తాగుడు ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరికి లాభమైంది, అందులో మన స్థానం ఏమిటి అనేది తెలిస్తే ఒంటరితనం పోకపోవచ్చు, దాని బరువు మాత్రం తగ్గుతుంది. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందు ఒక లెక్క. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో మద్యం తాగేవాళ్లు సుమారు 19 శాతం. తెలంగాణలో 43 శాతం. మనకంటే పైన ఉన్నది అరుణాచల్ ప్రదేశ్ ఒక్కటే. కాబట్టి "నేనొక్కడినే వేరుగా ఉన్నానేమో" అని మీకు అనిపిస్తే అది వహమ్ కాదు. మనం ఉన్న ఇలాఖాయే అలాంటిది.

అడవి తాగుడు

ఎండాకాలం మొదట్లో, మార్చి ఏప్రిల్ నెలల్లో, ఇప్పపూలు రాలతాయి. తెల్లవారుజామున కోయ ఆడవాళ్లు, పిల్లలు బుట్టలు పట్టుకుని చెట్ల కిందికి వెళ్తారు. రాత్రంతా రాలిన పూలను ఎండ ఎక్కకముందే ఏరుకోవాలి, లేకపోతే పశువులు తింటాయి, ఎలుగుబంట్లు తింటాయి. ఏరిన పూలను ఎండబెడతారు. అందులో కొంత సారాకు పోతుంది. మిగిలింది ఉడకబెట్టుకుని తినేవాళ్లు. ఇప్పగింజల నుంచి నూనె తీసేవాళ్లు, వంటకూ దీపానికీ అదే. ఒక్క చెట్టే అన్నం, నూనె, సారా, చేతిలో నాలుగు డబ్బులు. గిరిజన సహకార సంస్థ 1956లో పుట్టిన తర్వాత ఇప్పపువ్వునూ ఇప్పపలుకునూ కొనే సరుకుల్లో చేర్చింది.

ఇంకా లోపలికి, పాపికొండల వైపు వెళ్తే జీలుగు చెట్టు. కొండరెడ్ల జీవితం ఈ చెట్టుతో ఎంతగా ముడిపడి ఉందో హైమెన్‌డార్ఫ్ రాశాడు. ఆయన వియన్నా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త. 1940లలో నిజాం ప్రభుత్వం అండతో గోదావరి రెండు ఒడ్డుల్లోని కొండరెడ్ల మధ్య తిరిగాడు. 1945లో వాళ్ల మీద పెద్ద పుస్తకం వేశాడు. గింజలు అయిపోయిన నెలల్లో జీలుగు కల్లు వాళ్లకు నషా మాత్రమే కాదు, కడుపు నింపే ఆహారం. చెట్టు కొట్టినప్పుడు లోపలి గుజ్జును ఎండబెట్టి పిండి చేసుకుని తినేవాళ్లు.

ఆ తాగుడుకు ఒక అదబ్ ఉండేది. పండుగకో, పెళ్లికో, చావుకో అందరూ కలిసి కూర్చోవాలి. భూమికీ పోయిన పెద్దలకూ ముందు కొన్ని చుక్కలు వదలాలి. ఆ తర్వాతే ఆకు దొప్పలు తిరగాలి. దుకాణం లేదు, ధర లేదు, అప్పు లేదు. లొట్టి ఖాళీ అయితే ఆ పూటకు అయిపోయినట్టే.

ఇది చెప్పి దాన్ని హలాల్ చేయాలని కాదు. నషా తెచ్చేది కొంచెమైనా మనకు హరామే, ఆకు దొప్పలో పోసినా గాజు గ్లాసులో పోసినా. నేను చెప్పేది ఇంతే. "ఆ అడవోళ్లు ఎప్పుడూ తాగుబోతులే" అని మన ఇళ్లలో కూడా కొందరు అనేస్తుంటారు. ఆ మాట తప్పు. ఇంట్లో దించుకుని పండుగనాడు తాగిన కల్లు వేరు, రోజూ సాయంత్రం అప్పుమీద కొనే సారా వేరు. మొదటిది రెండోదిగా ఎట్లా మారిందో చూడాలంటే అడవి వదిలి కచేరీలకు వెళ్లాలి.

అబ్కారీ అనే మన మాట

ఫారసీలో ఆబ్ అంటే నీళ్లు, కార్ అంటే పని. ఆ రెండూ కలిసి అబ్కారీ. పేరు వింటే ఏదో నీళ్ల మహకమా అనుకుంటాం. నిజానికి అది మద్యం మీద పన్ను వసూలు చేసే సరిష్తా. అరక్ అనేది కూడా అరబీ మాటే, చెమట అని అర్థం. కుండ లోపలి ఆవిరి చల్లబడి చెమటలా చుక్కలు కడుతుంది కాబట్టి ఆ పేరు. బట్టీ పెట్టే పరికరానికి అరబీలో అన్బీక్ అంటారు. మన హకీములు, అత్తర్ సాబులు గులాబ్ జల్ తీయడానికి వాడింది అదే. ఇల్మ్ ఒకటే, దాన్ని ఎందుకు వాడుకున్నామన్నదే తేడా.

హైదరాబాద్ రియాసత్‌లో 1853లో మొదటి సాలార్ జంగ్ దివాన్ అయ్యాక ఖజానా లెక్కలు ఒక దారిలో పడ్డాయి. అబ్కారీ ఆమ్దనీ ఏటేటా పెరిగింది. భూమి శిస్తు తర్వాత రియాసత్‌కు పెద్ద ఆదాయం ఇదే అయింది. కల్లు దుకాణాలు హర్రాజ్‌లో పోయేవి. ఎక్కువ పాడినవాడు గుత్తేదారు. చెట్టుకు పన్ను కట్టాలి, దుకాణానికి కట్టాలి, బట్టీకి కట్టాలి. పట్నంలో మన వాళ్లు కల్లును సేంధీ అనేవాళ్లు, దుకాణాన్ని సేంధీఖానా అనేవాళ్లు. ఇప్పపువ్వుకు దఫ్తర్లలో గుల్‌మొహ్వా అని పేరు. 1316 ఫస్లీలో, అంటే 1906-07లో, మహబూబ్ అలీ పాషా జమానాలో, హైదరాబాద్ అబ్కారీ చట్టం వచ్చింది. ఆ తర్వాత ఇజాజత్ లేకుండా కల్లు గీసినా, ఇప్పసారా కాచినా జుర్మ్.

పాలకుడు ముసల్మాన్. జుమా ఖుత్బాలో ఆయన పేరు వినపడేది. ఖజానాలోకి మాత్రం షరాబు పైసలు వచ్చేవి. ఆ ఖజానా నుంచే మదరసాలకు వెళ్లాయి, దర్గాలకు వెళ్లాయి, భద్రాచలం రాములవారి గుడికి కూడా వెళ్లాయి. మన జమానాలో అంతా షరీఅత్ నడిచిందని చెప్పుకునే పెద్దమనుషులు ఈ సఫాను తిప్పకుండా దాటేస్తారు. దాటకూడదు.

దీనికి ఎదురు నడిచిన పాలకులు లేకపోలేదు. మైసూరులో టిపూ సుల్తాన్ ఆమ్దనీ పోయినా సరే అని మద్యం అమ్మకం ఆపడానికి హుకుం ఇచ్చాడు. అంతకు ముందు 1527లో ఖాన్వా జంగ్‌కు ముందు బాబర్ తౌబా చేసి తన వెండి బంగారు గిన్నెలు పగలగొట్టించి ఫకీర్లకు పంచాడు. బాబర్ వదిలింది తన గ్లాసు. టిపూ వదలాలనుకున్నది ఖజానా. రెండోది చాలా కష్టం. అందుకే అటువంటివాళ్లు చరిత్రలో తక్కువ.

గోదావరి మధ్యలో గీత

మన ఇలాఖాకు ఒక ప్రత్యేకత ఉంది. ఇక్కడ తాగుడుకు సరిహద్దు ఉంది, ఆ సరిహద్దు ఎన్నిసార్లు మారిందో చెప్పలేం.

1860 దాకా భద్రాచలం నిజాం ఏలుబడిలోదే. ఆ ఏడాది ఒడంబడికలో గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలు ఇంగ్రేజుల చేతికి వెళ్లాయి. మొదట సెంట్రల్ ప్రావిన్సెస్‌లో కలిపారు, 1874లో మద్రాసు ప్రెసిడెన్సీ గోదావరి జిల్లాకు మార్చారు. అప్పటి నుంచి నది ఇటు ఒడ్డున బూర్గంపహాడ్‌లో నిజాం అబ్కారీ, అటు ఒడ్డున భద్రాచలంలో మద్రాసు అబ్కారీ. కోయవాడికి రెండు ఒడ్డుల్లోనూ చుట్టాలే, రెండు ఒడ్డుల్లోనూ అవే చెట్లు. అటు గీస్తే ఒక సర్కారుకు కట్టాలి, ఇటు గీస్తే ఇంకో సర్కారుకు.

1879 మార్చిలో రంప కొండల్లో పితూరీ లేచింది. దానికి పెద్ద సబబు కల్లు పన్నే. మున్సబుదారు చిగురుపన్ను పేరుతో వసూలు చేసేవాడు. దాని మీద సర్కారు కొత్త అబ్కారీ నిబంధనలు వచ్చి ఇంటి వాడకానికి గీసుకునే కల్లును కూడా గుత్తేదారు చేతిలో పెట్టాయి. తన చెట్టు, తన లొట్టి, తన ఇల్లు, అయినా గుత్తేదారుకు పైసలు కట్టాలి. అదే ఏడాది మంట రేకపల్లికి, అంటే మన భద్రాచలం తాలూకాలోకి, అంటుకుంది. అక్కడ పోడు మీద పెంచిన పన్ను కూడా తోడయింది. అణచడానికి సర్కారుకు 1880 దాకా పట్టింది.

తాగే హక్కు కోసం కొట్లాడారని మనం నవ్వుకోవచ్చు. నిజానికి వాళ్లు అడిగింది తమ చెట్టు తమదని ఒప్పుకోమని. 40 ఏళ్ల తర్వాత అదే కొండల్లో ఇంకో మనిషి వచ్చాడు. 1922 నుంచి 1924 దాకా పోరాడిన అల్లూరి సీతారామరాజు పితూరీకి ముందు గిరిజనులకు చెప్పిన మాటల్లో తాగుడు మానండి, కోర్టులకు పోకుండా పంచాయితీల్లో తేల్చుకోండి అనేవి ముఖ్యమైనవి. దేశమంతా అప్పుడు సహాయ నిరాకరణ, ఖిలాఫత్ కలిసి నడుస్తున్న రోజులు. కల్లు దుకాణాల ముందు పికెటింగ్ ఆ ఉద్యమంలో భాగం. అంటే తాగకపోవడం మన ఒక్కరి ఖ్వాహిష్ కాదు. ఈ అడవిలో, ఈ మట్టిలో దానికి వేరే వేర్లు కూడా ఉన్నాయి.

1937లో రాజాజీ మద్రాసు ప్రధానిగా సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టాడు. 1948 అక్టోబర్ 2 నాటికి అది ప్రెసిడెన్సీ అంతటికీ చేరింది. దానికి రెండు వారాల ముందే, సెప్టెంబర్ 17న, హైదరాబాద్ రియాసత్ ఇండియన్ ఫౌజ్‌కు లొంగిపోయింది. పోలీస్ యాక్షన్ అయ్యాక జెండా మారింది. అబ్కారీ మారలేదు. ఇటు ఒడ్డున దుకాణాలు హర్రాజ్ అవుతూనే ఉన్నాయి, అటు ఒడ్డున కాగితం మీద నిషేధం. నది దాటితే జుర్మ్, దాటకపోతే ఆమ్దనీ.

1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం పుట్టింది, భద్రాచలం అందులో ఉంది. అదే రోజు వరంగల్ నుంచి విడిపోయి ఖమ్మం జిల్లా పుట్టింది, అది హైదరాబాద్ రాష్ట్రంలో ఉంది. 1954 నవంబర్‌లో ప్రకాశం పంతులు హుకూమత్ మద్యనిషేధం గొడవ మీదే ఒక్క ఓటుతో పడిపోయింది. 1956లో రెండు రాష్ట్రాలు కలిశాయి, 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలోకి వచ్చింది. 1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం వచ్చింది. కొంతకాలానికి అటు ఒడ్డున కూడా దుకాణాలు తెరుచుకున్నాయి. ఒకే నది, ఒకే ప్రజ. ఏది జుర్మ్, ఏది ఆమ్దనీ అనేది మాత్రం కచేరీలో కూర్చున్నవాళ్ల అవసరాన్ని బట్టి మారింది.

మదీనా గల్లీలు

మన దగ్గర హద్దు అట్లా మారదు. కానీ ఆ హద్దు ఒక్కరోజులో వచ్చింది కాదన్న సంగతి మన పిల్లలకు చెప్పాలి. అరబ్బులు మామూలుగా తాగేవాళ్లు కాదు, వాళ్ల షాయరీ నిండా షరాబే. సూరా బఖరాలో ముందు దాని నష్టం లాభం కంటే ఎక్కువని తెలిపారు. తర్వాత సూరా నిసాలో నషాలో నమాజ్ దగ్గరికి రావద్దన్నారు. చివరికి సూరా మాయిదాలో పూర్తిగా వదలమన్న ఆదేశం వచ్చింది. ఆ ఏలాన్ వినపడగానే హజ్రత్ అబూ తల్హా ఇంట్లో కూర్చున్నవాళ్లు కుండలు ఒంపేశారని, మదీనా గల్లీల్లో షరాబు పారిందని హజ్రత్ అనస్ రివాయత్. ఆ కుండల్లో ఉన్నది ఎక్కువగా ఖర్జూరంతో చేసింది. మన ఈతచెట్టుకు ఖర్జూర చెట్టు చుట్టమే.

యమన్ ప్రాంతం నుంచి దైలమ్ హిమ్యరీ అనే సహాబీ వచ్చి అడిగిన సంగతి అబూ దావూద్‌లో ఉంది. మాది చలి ఇలాఖా, గట్టి పనులు చేస్తాం, పనికి తాకత్ కోసం, చలికి ఆర్పు కోసం గోధుమతో ఒక పానీయం చేసుకుంటాం అన్నారాయన. నషా వస్తుందా అని హుజూర్ (స) అడిగారు. వస్తుందన్నారు. అయితే దూరంగా ఉండండి అన్నారు. ఇల్లందులో 1880ల చివర బొగ్గు బావులు తెరిచినప్పటి నుంచి నేటి దాకా సింగరేణి కార్మికులు చెప్పే మాట కూడా ఇదే కదా. "కింద చేసే పని చేస్తే తెలుస్తుంది సాయిబూ, తాగకపోతే ఒళ్లు లేవదు." 1,400 ఏళ్ల కిందటి సవాల్ అదే, జవాబూ అదే. కానీ అడిగినవాడి కష్టాన్ని హుజూర్ (స) ముందు విన్నారు. అది కూడా సున్నతే.

ఇంకో రివాయత్ బుఖారీలో ఉంది. తాగి మళ్లీ మళ్లీ పట్టుబడే ఒక మనిషి ఉండేవాడు. హుజూర్‌ను (స) నవ్వించేవాడు కూడా. ఒకసారి సజా పడ్డాక ఎవరో అతణ్ని లానత్ పెట్టారు. హుజూర్ (స) ఆపారు. అతనికి అల్లాహ్ మీద, రసూల్ మీద మొహబ్బత్ ఉందని చెప్పారు. గునాహ్‌ను గునాహ్ అంటూనే మనిషిని చేయి వదలకపోవడం అంటే ఇది.

మూడోది తిర్మిజీలోది. షరాబు విషయంలో లానత్‌కు గురైనవాళ్లు పదిమంది అని అందులో ఉంది. పిండేవాడు, పిండించుకునేవాడు, తాగేవాడు, మోసేవాడు, మోయించుకునేవాడు, పోసేవాడు, అమ్మేవాడు, దాని ధర తినేవాడు, కొనేవాడు, ఎవరికోసం కొన్నారో ఆ మనిషి. పదిమందిలో తాగేవాడు ఒక్కడే. మిగతా తొమ్మిదిమందిని మనం ఎప్పుడైనా లెక్కపెట్టామా? రోడ్డు పక్కన పడిపోయిన కోయ అన్నను చూసి తౌబా తౌబా అంటాం. గుత్తేదారు కారు దిగితే లేచి నిలబడి సలాం కొడతాం.

మన చోటు ఎక్కడ ఉండేది

ఇక అసలు సవాల్. ఇంత తాగుడు మధ్య మన పెద్దలు ఎట్లా బతికారు? ఈ ఊళ్లల్లో ముసల్మాన్లు కొత్తగా దిగినవాళ్లు కారు. 17వ శతాబ్దంలో పాల్వంచ పరగణాకు కంచర్ల గోపన్నను తహసీల్దార్‌గా పంపింది గోల్కొండ సుల్తాన్ అబుల్ హసన్ తానీషా హుకూమత్. సిపాయిలుగా, జవాన్లుగా, చౌకీదార్లుగా, కలప వ్యాపారులుగా, దూదేకులుగా, బొగ్గు బావుల్లో కార్మికులుగా మన వాళ్లు తరతరాలుగా ఇక్కడ ఉన్నారు.

తెలంగాణ పల్లెల్లో పాత రివాజ్ ఒకటుంది. పండుగైనా పెళ్లైనా యాట కోయాలంటే ముల్లా సాబ్‌కు కబురు వెళ్తుంది. ఆయన వచ్చి బిస్మిల్లా చెప్పి జుబహ్ చేస్తాడు. గ్రామమంతా, ఏ కులమైనా, ఆ గోష్తే తింటుంది. ముల్లా సాబ్ తన హిస్సా తీసుకుని, పిల్లలకు దువా ఇచ్చి, లొట్టిలు దిగే వేళకు లేచి వెళ్తాడు. ఎవరూ కష్టంగా తీసుకోరు. ఆయన తాగడని అందరికీ తెలుసు. ఆయన లేకుండా పండుగ మొదలుకాదనీ అందరికీ తెలుసు. అంటే తాగని మనిషికి ఆ సమాజంలో చోటు లేదనేది అబద్ధం. చోటు ఉంది. అది గ్లాసు పక్కన లేదు, పని పక్కన ఉంది.

దీనికి రెండో వైపు పీర్ల పండుగ. మొహర్రంలో పీరీలు లేస్తే ఊరంతా కదులుతుంది. అలావ చుట్టూ ఆడేవాళ్లలో ముసల్మాన్ల కంటే మిగతా కులాలవాళ్లే ఎక్కువ ఉన్న ఊళ్లు ఎన్నో. వాళ్లకది పండుగ, పండుగంటే కల్లు ఉంటుంది. ఇమామ్ హుసేన్ పేరుమీద, కర్బలాలో నీళ్లకోసం అల్లాడిన పిల్లల పేరుమీద షర్బత్ పంచే చోట కల్లు వాసన వస్తుంటే చావిడి ముందు నిలబడిన ముజావర్ ఏం చేయాలి? కొందరు ఉలమా ఈ పండుగ మొత్తాన్నే వద్దన్నారు. కొన్ని ఊళ్లల్లో పెద్దలు ఇంకో తరీఖా పట్టారు. చావిడిలోకి మాత్రం తాగి రావొద్దన్నారు. ఆ ఒక్క గడప దగ్గర మాత్రం తాగినవాడు కూడా చెప్పులు విడిచి, తల దించుకుని, బయటే నిలబడి దండం పెట్టి పోతాడు. ఎవరి ఇంటి పండుగలో వాళ్లే పరాయివాళ్లు కావడం ఎట్లా ఉంటుందో మనకు తెలుసు. గడప దగ్గర హద్దు గీసి, మనిషిని మాత్రం తరమకుండా ఉండడం కూడా తెలుసు.

ప్యాకెట్ నుంచి వైన్స్ దాకా

1975లో కేంద్రం గిరిజన ప్రాంతాలకు ఒక అబ్కారీ పాలసీ సూచించింది. బయటి మద్యం వ్యాపారం ఆపండి, ఇంటి వాడకానికి, ఆచారానికి వాళ్లు చేసుకునేదాన్ని జుర్మ్ చేయకండి అని. అంటే రంపవాళ్లు 1879లో అడిగిందే. కానీ 1983లో వారుణి వాహిని పేరుతో సర్కారు సారా ప్యాకెట్లు వచ్చాయి. ఆకు దొప్ప పోయి ప్లాస్టిక్ ప్యాకెట్ వచ్చింది. పండుగ పోయి ప్రతి సాయంత్రమూ వచ్చింది. కూలి పైసలు ఇంటికి చేరకముందే దుకాణానికి చేరాయి.

దీన్ని ఆపింది సర్కారు కాదు, ఆడవాళ్లు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరదీపం చదువులకు కూర్చున్న ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. పాఠ్యపుస్తకంలోని సీతమ్మ కథ వాళ్లకు నిప్పు అంటించింది. అది రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబర్ 1న కోట్ల విజయభాస్కరరెడ్డి సర్కారు సారాను నిషేధించింది. 1995 జనవరి 16న ఎన్టీఆర్ సర్కారు సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో అది సడలిపోయింది, ఖజానాకు తట్టుకోలేక. మళ్లీ అదే మాట, ఖజానా.

ఆ తర్వాత నల్లబెల్లం, పటికలతో కాచే గుడుంబా ఒకవైపు, రంగుల బోర్డుల వైన్స్ ఇంకోవైపు. 1996 పెసా చట్టం ఏజెన్సీ గ్రామసభకు మద్యాన్ని నిషేధించే, నియంత్రించే అధికారం ఇచ్చింది. ఏజెన్సీలో దుకాణాల లైసెన్సులు గిరిజనులకే. పేరు గిరిజనుడిది, పెట్టుబడి ఇంకెవరిదో అనే ఆరోపణలు కొత్తవి కావు. హదీసులోని పదిమందిని గుర్తు చేసుకుంటే, ఆ పెట్టుబడి పెట్టినవాడికి ఏ పేరు వర్తిస్తుందో మీరే చెప్పండి.

2014లో పోలవరం కోసం భద్రాచలం పట్నాన్ని తెలంగాణలో ఉంచి చుట్టూ ఉన్న మండలాలను ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చారు. మళ్లీ గీత పడింది. 2020 మేలో ఆంధ్రలో మద్యం ధరలు 75 శాతం పెంచారు. తెలంగాణ నుంచి సీసాలు సరిహద్దు దాటడం మొదలైంది, చెక్‌పోస్టుల్లో బైకులు ఆపి సంచులు వెతికారు. 2024 అక్టోబర్‌లో అక్కడ ప్రైవేటు దుకాణాలు మళ్లీ తెరిచారు. 1948లో నది ఒడ్డున నడిచిన ఆటే, వంతెన పక్కన, ఎటపాక రోడ్డు మీద మళ్లీ నడిచింది.

తమ్ముళ్లకు నా జవాబు

కాబట్టి తమ్మీ, నువ్వు కూర్చోలేకపోతున్న ఆ దావత్ ఈ మట్టికి అనాదిగా ఉన్నది కాదు. కోయల ఇప్పచెట్టు కింద జరిగింది వేరు, నీ ఆఫీసువాళ్లు వైన్స్ వెనక పర్మిట్ రూములో చేసేది వేరు. ఈ రెండోది నిజాం అబ్కారీ, మద్రాసు అబ్కారీ, ప్యాకెట్ సారా, లైసెన్సు వైన్స్ కలిసి నిలబెట్టిన బజారు. అందులో చోటు లేకపోవడం నీ కమీ కాదు.

షరాబు తిరిగే దస్తర్‌ఖాన్ మీద కూర్చోవద్దన్న హదీస్ ఉంది. దాన్ని పాటించు. అయితే పొరుగువాడి హక్కు కూడా హదీసే. ముల్లా సాబ్ లెక్క చూడు. పనికి ముందు వెళ్లు, యాట కోయించు, వంటలో చేయి వెయ్యి, పిల్లలను ఎత్తుకో, భోజనం చెయ్యి, సీసాలు తెరిచే వేళకు సలాం చెప్పి లే. "రేపు పొద్దున చాయ్‌కి మా ఇంటికి రా అన్నా" అని పిలిచి లే. నీ దావత్ నువ్వు పెట్టు. ఇఫ్తార్‌కు పిలువు, ఈద్‌కు షీర్ ఖుర్మాకు పిలువు. దావత్ మన మాట అన్నాను కదా, దానికి అసలు అర్థం మన ఇంటి నుంచే తిరిగి రావాలి.

మన ఇళ్లల్లో కూడా తాగేవాళ్లు లేరని చెప్పుకోవద్దు. ఉన్నారు, పెరుగుతున్నారు. చాటుగా తాగి, ఇలాచీ నమిలి, జుమాకు వచ్చే పిల్లలు నాకు తెలుసు. వాళ్లకు మసీదు గడప బరువైపోతుంది, పర్మిట్ రూము గడప తేలికవుతుంది. వాళ్లను లానత్ పెట్టకండి. బుఖారీలోని ఆ మనిషిని గుర్తు చేసుకోండి, వాళ్ల భుజం మీద చేయి వేసి పక్కన కూర్చోబెట్టుకోండి. లానత్ మాట్లాడాలనిపిస్తే ఆ పదిమంది లెక్కలో దాని ధర తినేవాడి దగ్గర మొదలుపెట్టండి.

ఈ వేసవిలో కూడా ఇప్పపూలు రాలతాయి. కోయ అమ్మ తెల్లవారుజామునే బుట్ట పట్టుకుని వెళ్తుంది. ఆ పువ్వు ఆమె ఇంట్లో అన్నం అవుతుందా, నూనె అవుతుందా, నాలుగు పైసలు అవుతుందా, లేక భర్త చేతిలో గ్లాసు అవుతుందా అనేది ఆమె ఒక్కతే తేల్చలేదు. ఆమెకు గ్రామసభలో చేయి ఎత్తే హక్కు ఉంది. ఆమె చేయి ఎత్తిన రోజు పక్కన నిలబడడానికి తాగని మనుషులు కావాలి. అక్కడ మనకు చోటు ఉంది.